తాత వన్స్ మోర్ అడిగిన మధ్యాహ్నం

మొన్న సాయంత్రం మా అపార్ట్‌మెంటు లిఫ్టులో ఒక పాప ఎక్కింది. కింద హాల్లో ఏదో పిల్లల కార్యక్రమంలో నాట్యం చేసి వస్తున్నట్టుంది. వాళ్ళమ్మ కొబ్బరినూనె రాసి ముఖం తుడిచింది గానీ చెవుల వెనక గులాబీ రంగు అట్లాగే ఉండిపోయింది. కొబ్బరినూనె, పౌడరు, చెమట కలిసిన ఆ వాసన లిఫ్టంతా నిండింది. నా అంతస్తు వచ్చి వెళ్ళిపోయింది, నేను దిగలేదు. ఉంటున్నది బెంగళూరు బ్రూక్‌ఫీల్డ్‌లోనే అయినా, ఆ వాసన తగిలిందంటే కాసేపు కాడుగోడిలో మా తాత పక్కన చాప మీద కూర్చుని ఉంటాను.

సిటీ అంచున కాడుగోడి అప్పటికింకా ఊరే. రాగి కోతలు అయి, కళ్ళాలు ఖాళీ అయి, ప్రతి ఇంటి వసారాలోనూ ఆడవాళ్ళు నానబెట్టిన అనపగింజలు వేళ్ళతో పితుకుతూ కూర్చునే చలిరోజుల్లో, అనంతపురం వైపు నుంచి నాటకాల కంపెనీ లారీలో వచ్చేది. రైల్వే స్టేషను వెనక బయల్లో డేరా లేచేది. మా తాతకు స్టేషను దారిలో తాళ్ళు, గోనెసంచులు, టార్పాలిన్లు అమ్మే అంగడి ఉండేది. డేరాకు కావలసిన తాళ్ళన్నీ అక్కడి నుంచే వెళ్ళేవి కాబట్టి, కంపెనీ ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ స్టేజీకి ఎదురుగా మొదటి చాప మాదే. దీపాలు పెట్టే వేళకల్లా అవ్వ పితికిపప్పు కూరతో రాగిముద్ద తినిపించి, నా చెవుల మీదుగా మఫ్లరు చుట్టి, ఉడకబెట్టిన చెనక్కాయలు ఒళ్ళో పోసి పంపేది. మంచు దిగుతూ ఉండేది, డేరా గుడ్డ తడిసి బరువెక్కేది, బల్బుల చుట్టూ పురుగులు తిరుగుతూ ఉండేవి, తెర వెనక నుంచి కొబ్బరినూనె, పౌడరు వాసన వచ్చేది. హార్మోనియం మీద మొదటి శ్రుతి లేచేసరికి నా కింది చాప కొంచెం పైకి తేలినట్టుండేది.

నాకు అప్పుడు పదేళ్ళుంటాయేమో, అభిప్రాయాలు మాత్రం అరవై ఏళ్ళ మనిషివి. రాజు వేషం కట్టే ఆయన పొట్ట మీద నగలు నిలవవని, రాణి ఏడుస్తూనే ఓరకంట జనం వచ్చారో లేదో చూసుకుంటుందని, హాస్యగాడు నిరుటి జోకులే తిప్పి చెబుతున్నాడని బడిలో అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పేదాన్ని. కంపెనీకి ఉన్న కోట తెర ఒక్కటే. ఏ రాజు వచ్చినా ఆ కోటలోనే కాపురం చేయాలి. గాలి వీస్తే దాని స్తంభాలు ఊగేవి, కిటికీలు ఉబ్బేవి. అది లోపమని నాకెప్పుడూ తోచలేదు, నిజం కోటలు కూడా చీకటి పడ్డాక అట్లాగే ఊపిరి తీసుకుంటాయని నమ్మేదాన్ని. పద్యం మధ్యలో గూడ్సు బండి వస్తే రాజు కంగారుపడేవాడు కాదు. చెయ్యి చాచి, కళ్ళు మూసుకుని, చివరి పెట్టె స్టేషను దాటిపోయేదాకా రాగం తీస్తూ ఉండేవాడు, హార్మోనియం మేష్టారు ఆయన వెంటే నడిచేవాడు. బండి వెళ్ళిపోయాక మిగిలిన ఆ నిశ్శబ్దంలో చివరి పాదం మెల్లగా దించేవాడు. దానికోసమే నేను ఏడాదంతా ఎదురుచూసేదాన్ని.

పద్యం బాగుంటే జనంలోంచి ఎవరో ఒకరు ‘వన్స్ మోర్’ అనేవారు. ఇంగ్లీషు అక్షరం రాని గొర్రెల కాపరికి కూడా ఆ మాట వచ్చు. ఆ మాట పడిందంటే ఇక కథ ఆగాల్సిందే. నటుడు చేతులు జోడించి, మళ్ళీ మొదటి చోటికి వెళ్ళి నిలబడి, అదే పద్యం ముందటికంటే బాగా పాడాలి. యుద్ధంలో పడిపోయిన రాజును అడిగితే ఆయన లేచి, కిరీటం సర్దుకుని, పాడి, మళ్ళీ పద్ధతిగా చచ్చిపోయేవాడు. అడిగితే పాడకపోవడమనేది లేదు, అది వడ్డించిన విస్తరి ముందు నుంచి లేచిపోయినంత తప్పు. అయితే తాత మాత్రం ఆ మాటను తేలిగ్గా వాడేవాడు కాదు. చుట్టూ అందరూ అరుస్తున్నా కండువా సర్దుకుంటూ కూర్చునేవాడు. “నోరు ఉండాది గదా అని అడగకూడదు పాపా. ఆయప్ప ఊపిరి ఖర్చయితాది” అనేవాడు. ఏ ఏటికో ఒకసారి ఆయన అడిగితే, మర్నాడు ఆ నటుడు అంగడికి వచ్చి నమస్కారం పెట్టి పోయేవాడు.

ఆ పద్యాలన్నీ మా చిన్నత్తకు కంఠతా వచ్చు. తాత ఆఖరి కూతురు, సిటీలో కాలేజీకి వెళ్ళేది. ఆదివారాలు అంగడి వెనక గోదాములో గోనెసంచులు తెరగా కట్టి మేము పిల్లలం నాటకం ఆడుకుంటే రాజు, రాణి, హార్మోనియం కూడా ఆమే. ఒక ఏడు బొంబాయి నుంచి పెద్ద ఇంగ్లీషు మ్యూజికల్ కంపెనీ బెంగళూరు వచ్చి, ఇక్కడి గొంతులు కావాలని వెతికి, ఆమెను ఎంచుకుంది. తెల్లవారుజామున పూలమ్మే పిల్ల వేషం, ఒకే ఒక్క పాట. బాగా పాడితే ఊరూరూ తిరిగే బృందంలో చేర్చుకుంటామన్నారు. ఇంట్లో పిడుగు పడ్డట్టయింది. ఏటా మొదటి చాప మీద కూర్చునే తాత, సొంత కూతురు ముఖానికి రంగు వేసుకుంటానంటే మాత్రం అన్నానికి కూడా అంగడి నుంచి ఇంటికి రాలేదు. అవ్వ ఇద్దరి నడుమ నలిగిపోయింది. చివరికి ఆయన ఒక మాట అన్నాడు.

“వచ్చి చూస్తా. చూసినంక చెప్తా, పోయేదా మానేదా.”

ఆ మాటతో చిన్నత్తకు నిద్ర లేకుండా పోయింది. పళ్ళెంలో మెతుకులు అటూ ఇటూ జరుపుతూ కూర్చునేది.

అది ఆదివారం మధ్యాహ్నం ఆట. తాత, అవ్వ, నాన్న, నేను బస్సెక్కి వెళ్ళాము. తాత ఇస్త్రీ పంచె కట్టి, పెళ్ళిళ్ళకు మాత్రమే పెట్టుకునే తలపాగా పెట్టాడు. హాలు గుమ్మం దగ్గరే నా చెనక్కాయలు తీసేసుకున్నారు కాబట్టి సిటీ నాటకాల మీద నా మొదటి అభిప్రాయం అక్కడే ఏర్పడింది. లోపల చలి, కానీ మంచు వాసన లేని చలి. తెర లేవగానే నిజం వానలాంటి వాన, వాటంతట అవే తిరిగే ఇళ్ళు, నేల మీద పాకే పొగ. నోరు తెరిచి చూశాను, ఒప్పుకోవడం ఇష్టం లేక వెంటనే మూసుకున్నాను. ఎంత చూసినా ఆ ఇళ్ళు ఊగలేదు. పాడేవాళ్ళు ఒక్కచోట నిలబడరు. బుగ్గకు అంటించిన మైకులో గుసగుసలాడినా చివరి వరుసకు వినబడుతుంది, ఎవరూ గుక్క పట్టాల్సిన పని లేదు. జనం అందరూ ఒకేసారి చప్పట్లు కొట్టి, ఒకేసారి ఆపేస్తున్నారు. పాపం వీళ్ళకు రైలు లేదు కదా అని అవ్వ చెవిలో చెప్పాను.

“సుమ్నే కూచో” అంది అవ్వ, నోటికి వేలు అడ్డం పెట్టుకుని.

అప్పుడు చిన్నత్త వచ్చింది. నీలం వెలుగులో, నడుము మీద పూలబుట్టతో, మేమెవరమో తెలియనట్టు మా మీదుగా ఎటో చూస్తూ నడిచి వచ్చింది. ఆ ఇంగ్లీషు పాట మాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ మధ్యలో ఒకచోట ఆమె కళ్ళు మూసుకుని, ఒక స్వరాన్ని అందుకుని, కదలకుండా నిలబెట్టింది. ఆ సాగదీత ఆ కంపెనీలో ఎవరూ నేర్పింది కాదని మా నలుగురికీ తెలుసు. పాట అయింది. చప్పట్లు మొదలై, పద్ధతి ప్రకారం ఆగిపోయాయి. అవి ఆగగానే మా తాత లేచి నిలబడి, కండువా భుజాన వేసుకుని, డేరా అవతలిదాకా వినబడే గొంతుతో ‘వన్స్ మోర్’ అన్నాడు.

హాలంతా తల తిప్పింది. ముందు వరుసలో ఎవరో నవ్వారు. నాన్న చెయ్యి పట్టి లాగినా తాత కూర్చోలేదు. స్టేజీ మీద చిన్నత్త ఆగిపోయింది. మొదటి చోటి వైపు ఒక అడుగు వెనక్కి వేసింది కూడా, నేను చూశాను. కానీ సంగీతం ఆగలేదు. తరువాతి పాట మొదలైపోయింది, ఇళ్ళు తిరగసాగాయి, వెలుగు ఆమెను వదిలి ఇంకెవరి మీదికో వెళ్ళిపోయింది. ఆ చీకట్లో ఆమె రెండు చేతులూ జోడించి మా వైపు తిరిగి నిలబడటం, తోటి నటి ఎవరో మోచెయ్యి పట్టి లోపలికి తీసుకుపోవడం లీలగా కనిపించింది. అప్పుడు తాత కూర్చున్నాడు.

తిరుగు బస్సులో తాత ముందు సీట్లో కళ్ళు మూసుకున్నాడు. పరువు పోయిందని నాన్న గొణిగాడు. అడిగితే పాడనిది నాటకమే కాదని నేను నా తీర్పు చెప్పాను. అవ్వ మాత్రం కిటికీలోంచి చూస్తూ తనలో తనే నవ్వుకుంటోంది. ఎందుకని అడిగాను.

“ఇంక చెప్పేదేముండాది? అంతమంది ముందర లేసి అడిగినాడు గదా మీ తాత. ఒప్పుకున్నట్లే” అంది.

చిన్నత్త ఇంటికి వచ్చేసరికి చీకటి పడింది. రంగు సరిగ్గా తుడుచుకోకుండానే వచ్చి తాత కాళ్ళ దగ్గర కూర్చుంది.

“నాయనా, ఆడ హార్మోనియం లేదు. అంతా ముందే రికార్డు చేసిన టేపు. అది ఎవురి కోసరమూ ఆగదు.”

“టేపు ముందర పాడితివా, పాపం” అన్నాడు తాత.

“ఇప్పుడు పాడేదా?”

“ఇంట్లో వద్దు అమ్మణ్ణీ. పోయిరా. మళ్లా ఈ ఊరికి ఆట వస్తాది గదా, అప్పుడు అడుగుతా.”

ఆమె మద్రాసు వెళ్ళింది, హైదరాబాదు వెళ్ళింది, ఇంకా ఎక్కడెక్కడికో వెళ్ళి అక్కడి సముద్రాలు, మెట్లు, అద్దాల గదులు నాకు చెప్పేది. ఆ ఆట మళ్ళీ బెంగళూరు వచ్చేలోపు, ఒక ఎండాకాలం మధ్యాహ్నం, అంగడిలో కునుకు తీస్తూనే తాత పోయాడు.

స్టేషను వెనక బయలు ఇప్పుడు లేదు. అక్కడ లేచిన మేడల్లో ఉంటున్నవాళ్ళకు ఆ నేల మీద ఇంతమంది రాజులు చచ్చి లేచారని తెలియదు. అనంతపురం కంపెనీ ఏ ఏట రావడం మానేసిందో కూడా ఎవరూ గమనించలేదు. సిటీకి పెద్ద పెద్ద మ్యూజికల్స్ వస్తూనే ఉంటాయి, మా అమ్మాయిని తీసుకుని వెళుతూనే ఉంటాను, నా అభిప్రాయాలు నాకు ఉండనే ఉన్నాయి. అవి అందంగా ఉంటాయి, కాదనను. ఎంత అందమంటే ఒక్కోసారి కన్నీళ్ళు వస్తాయి. మంచి పాట రాగానే జనం ఫోన్లు పైకెత్తుతారు. కావాలంటే ఇంటికి వెళ్ళి ఎన్నిసార్లయినా వింటారు, పాడిన మనిషిని అడగాల్సిన పని ఎవరికీ లేదు.

చిన్నత్త ఇప్పుడు కాడుగోడిలోనే పిల్లలకు సంగీతం చెబుతోంది. ఈమధ్య ఒకరోజు వెళితే ఆరిన బట్టలు మడతపెడుతోంది. అన్ని ఊళ్ళు తిరిగావు కదా, ఎక్కడైనా వన్స్ మోర్ అన్నారా అత్తా అని అడిగాను. ఆమె చేతిలోని చీరను మడత విప్పి, మళ్ళీ మొదటి నుంచి మడిచింది.

“చప్పట్లు శానా వచ్చె. వన్స్ మోర్ ఒకటే వచ్చె పాపా” అంది. “దాన్ని ఇయ్యలేకపోతిని.”