రామకృష్ణారావుగారి రోజులు

రామకృష్ణారావుగారు రోజుల పిసినారి. అడిగితే చొక్కా విప్పి ఇస్తాడు గానీ, ఒక్క రోజు అడిగితే మాత్రం ప్రాణం పోయినంత పని చేస్తాడు.

ఆయన భార్య కమలాదేవి దోహాలో బడిపంతులమ్మ. కాపురం ఆ ఊళ్లోనే, అల్ ఘర్రాఫా పేటలో. గ్యాసు కంపెనీలు జోరుమీదున్న కాలమది, జీతాలకు లోటు లేదు. కానీ ఖతర్‌లో కొలువున్నంతవరకే ఇల్లు. కొలువు దిగిన మర్నాడు పెట్టె సర్దుకోవలసిందే. అందుకని ముసలితనంలో తలదాచుకోవడానికి రావుగారు కెనడా పౌరసత్వం మీద మనసుపడి, మిసిసాగాలో ఒక నేలమాళిగ గదిలో ఒంటరిగా దిగాడు. నాలుగేళ్లలో మూడేళ్లు ఆ దేశపు నేలమీదే ఉండాలట. బయట గడిపిన ప్రతి రోజుకీ దరఖాస్తు ఒక రోజు వెనక్కి జరుగుతుందట. అప్పట్నుంచీ మనిషికి కాలెండరే దేవుడు.

దోహా ఇంట్లో వంటా వార్పూ చూసే నర్సవ్వది జగిత్యాల దగ్గర పల్లె. ఆమెకు ఈ బాధంతా చూస్తే నవ్వూ వచ్చేది, ఒళ్లూ మండేది. సారు కెనడా నుంచి వచ్చినప్పుడల్లా గుమ్మంలో చెప్పులైనా విప్పకముందే ప్రకటించేవాడు.

"ఈసారి తొమ్మిది రోజులు!"

"అగో, నీళ్లన్న తాగుండ్రి సారూ. నీళ్లకు లెక్క లేదు గదా?"

ఇడ్లీకి పప్పు నానబోస్తుంటే వచ్చి నిలబడేవాడు. "పిండి పులవడానికి ఎంతసేపు?"

"రేపు పొద్దుగాల్ల దాకా."

"ఒక రోజా! వద్దు వద్దు, పెసరట్టు వెయ్యి."

పాతికేళ్ల పెళ్లిరోజు ఫిబ్రవరిలో పడింది. రమ్మని కమలాదేవి ఫోన్‌లో బతిమాలింది. "రానూపోనూ ఏడు రోజులు దండగ కమలా! ఆగస్టులో చేసుకుందాం. మన పెళ్లి ఎక్కడికీ పోదుగా" అన్నాడు. ఆవిడ ఫోన్ పెట్టేసి వారంపాటు ఎత్తలేదు. ఆ వారంలో కెనడాలో ఏడు రోజులు కలిసొచ్చాయని ఆయన సంబరం.

పక్కింటి ఫక్రున్నీసా బేగం ఓసారి "భాయిసాబ్, వచ్చే శుక్రవారం మా ఇంట్లో దావత్" అంది. రావుగారు వేళ్లు లెక్కపెట్టి, "ఇవాళ మంగళవారం కదమ్మా, శుక్రవారాన్ని బుధవారానికి జరపరాదూ?" అన్నాడు.

ఆ సంవత్సరం మార్చిలో వచ్చినప్పుడు ఆయన కాలు నేలమీద ఆనడం లేదు. మే నెలాఖరుకి మూడేళ్లు నిండుతాయి. అదే అదను. జూన్ వస్తే కొత్త చట్టం, మూడేళ్లు కాస్తా నాలుగవుతాయి.

ఆయన వచ్చిన మూడోనాడు కమలాదేవి బడి మెట్లమీద జారి కాలు విరగ్గొట్టుకుంది. ఆరు వారాల కట్టు. నర్సవ్వకు గురువారం ఊరికి టికెట్టు ఉంది. కూతురు రజితకు నెలలు నిండాయి. మొదటి కాన్పులో బిడ్డ దక్కలేదు. ఈసారి అమ్మ పక్కన ఉంటేనే ఆసుపత్రి గడప తొక్కుతానని ఆ పిల్ల మొండికేసింది.

"నువ్వు వెళ్లు నర్సవ్వా, నేను చూసుకుంటా" అంది కమలాదేవి.

"ఏం జూసుకుంటరమ్మా, ఒంటికాలు మీద ఎగురుకుంటనా? నేను పోను. టికెట్టు రద్దు జెయ్యుండ్రి" అంది నర్సవ్వ. అనేసి, మొహం కనబడకుండా కూరగాయలు ముందేసుకుంది.

రావుగారు కాలెండర్ దగ్గరికి పోయాడు. పేజీలు ముందుకి తిప్పాడు, వెనక్కి తిప్పాడు. ఏదో గొణుక్కున్నాడు.

"భలే పని జరిగింది! కూడిక తప్పు వేసుకున్నాను. బయట ఉండటానికి నాకింకా యాభై రోజులు మిగిలున్నాయి. వెళ్లిరా, ఇల్లు నేను చూస్తాను."

"మీ లెక్క తప్పుడా సారూ?"

"మనిషినేగా!"

నర్సవ్వకు అనుమానమే. కానీ కూతురు కళ్లలో మెదిలింది. పోయింది.

యాభయ్యోనాడు తిరిగొచ్చేసరికి కమలాదేవి కర్ర లేకుండా నడుస్తోంది. రావుగారు లుంగీ పైకి కట్టి గిన్నెలు తోముతున్నాడు.

"ఈ సారు ఇంకో ఏడాది ఆ కెనడా చలిలో పడుకోవాలి. కూడికా తప్పు కాదు, ఏమీ కాదు. మూడేళ్లు నిండేలోగా జూన్ వచ్చేస్తుందని తెలిసే ఉన్నాడు" అంది కమలాదేవి.

నర్సవ్వ సంచీ దించకుండానే వంటింట్లోకి ఊడిపడింది.

"ఏం సారూ! గంత అబద్ధమా? నాతోనా?"

"అరవకు. మనవడా, మనవరాలా?"

"మనవరాలు."

"ఎన్ని రోజుల పిల్ల?"

"నిన్నటికి ముప్పై ఎనిమిది."

"ముప్పై ఎనిమిది రోజులూ దగ్గరే ఉన్నావా?"

"ఒక్క పూట ఇడువలే."

"అయితే లెక్క సరిపోయింది" అన్నాడాయన, గిన్నె బోర్లిస్తూ.

నర్సవ్వ ఆ గిన్నె తీసి అటూ ఇటూ తిప్పి చూసింది.

"లెక్క సరిపోయింది గని, అడుగున మాడు అట్లనే ఉన్నది. ఇటు జరుగుండ్రి."