సుజిత సర్వర్ చెప్పిన వందనాలు

మా నర్సీపట్నంలో జిరాక్సు షాపు నడిపే సుజితకు ఎవరు ఎదురైనా ముందు "వందనాలండీ" అనడం అలవాటు. చర్చిలో పెరిగిన మనిషి. ఆ మర్యాదే ఒకసారి ఆమెను ముప్పుతిప్పలు పెట్టింది.

మాకవరపాలెం బాలన్న గారికి వరికోత మిషన్ ఉంది. రైతులు ఫోన్లోనే తమ వంతు బుక్ చేసుకునేలా ఆయనకొక ప్రోగ్రాము తయారుచేసింది సుజిత. కోడు రాసిపెట్టే ఏఐ అసిస్టెంటు సాయం తీసుకుంది. మొదటి బుకింగుకే మిషన్ అప్పలరాజు చేనికి వెళ్లింది. కాకపోతే వేరే అప్పలరాజు చేనికి! ఆయన వరి ఇంకా పచ్చిగా ఉంది. కర్ర పుచ్చుకుని గట్టు మీద అడ్డంగా నిలబడ్డాడు.

"ఏటమ్మా సుజితా! అప్పలరాజూ అని కేకేస్తే మా ఊరు సగం పలుకుతాది. ఆ మాత్రం తెలీదా నీ ఏఐకి? రేపు సూస్తాను. మళ్లీ ఇలాగే అయితే నీ ప్రోగ్రాముకో దండం, నా ఫోనే నాకు సాలు" అన్నారు బాలన్న.

సుజిత ముఖం చిన్నబోయింది గానీ పట్టు వదల్లేదు. పాపం, అసిస్టెంటుకు ఊరేం తెలుసు? రైతుల వివరాలన్నీ ఈమె కంప్యూటర్లో ఉన్నాయి. అవి కనపడక అది ఊహించుకుని కోడు రాసింది. రెంటికీ మధ్య చిన్న టూల్ సర్వర్ పెడితే సరి. అంటే, అసిస్టెంటు అడిగినప్పుడు ఆ వివరాలు తీసి అందించే ప్రోగ్రాము. అప్పటికప్పుడు కూర్చుని రాసింది. అసిస్టెంటుకు కనెక్ట్ కాలేదు. మార్చింది. కాలేదు. షాపుకొచ్చిన వాళ్లను కూర్చోబెట్టి మరీ మార్చింది. ఊహూఁ.

టీ తెచ్చిన భర్త మార్కు తెర మీదికి వంగాడు. "మొదటి లైన్లో ఈ వందనాలండీ ఏటి?"

"సర్వర్ లేసిందని నాకు తెలియాలి కదేటి!"

"నీకు సెప్తందా, ఆ అసిస్టెంటుకి సెప్తందా?"

సుజిత నాలుక కరుచుకుంది. సర్వర్ జవాబులు అసిస్టెంటుకు చేరే దారి ఒక్కటే. అందులో దానికి అర్థమయ్యే పద్ధతిలో రాసినవే పోవాలి. లేవగానే సర్వర్ వందనాలు చెబుతుంటే, ఇదేం జవాబో తెలియక అసిస్టెంటు తలుపు మూసుకుంటోంది!

"తీసీరాదా?" అన్నాడు మార్కు.

"తియ్యను. పక్కకెళ్లి సెప్పుకుంటాది."

పలకరింపును విడిగా ఉండే లాగ్‌లోకి, అంటే తను మాత్రమే చూసుకునే చిట్టాలోకి మళ్లించింది. ఈసారి వెంటనే కనెక్టయింది. అసిస్టెంటు రైతుల వివరాలు అడిగి తీసుకుని చూసి, ఇక్కడ పేరొక్కటే చాలదని తేల్చి, చేను గుర్తు కూడా అడిగేలా ప్రోగ్రామును సరిచేసింది.

మర్నాడు బాలన్న ఎదుటే అప్పలరాజు పేరు కొట్టింది సుజిత. "కాలువ పక్క చేనా? జీడితోట కింద చేనా?" అని అడిగింది ప్రోగ్రాము.

"అద్గదీ! ఇప్పుడు మా ఊరి మనిషిలాగ అడిగింది. ఉండనీ అమ్మా, కోతలయ్యేదాకా" అన్నారు బాలన్న.

మిషన్ తిన్నగా, బుక్ చేసుకున్న అప్పలరాజుదైన జీడితోట కింద చేనికి బయల్దేరింది. కాలువ పక్క అప్పలరాజు ఆ రోజూ కర్రతో గట్టు మీద సిద్ధంగానే ఉన్నాడు. అది తనను దాటిపోతుంటే, "ఇటు రాదేటి?" అని కాస్త చిన్నబుచ్చుకున్నాడు.

వెనకే స్కూటీ మీద వస్తున్న సుజిత ఆగింది.

"వందనాలండీ!"