దుబారా మామయ్య, కొలత రాని కోడలు

ఏదైనా వృథా అవుతుంటే చూస్తూ ఊరుకోవడం దుబారా మామయ్యకు చేతకాదు. వీధివీధంతా ఆయన్ని ఆ పేరుతోనే పిలిచేది, ఎందుకంటే ఆయన నోట పొద్దస్తమానం వినిపించే మాట అదే. గడియారాలు బాగుచేసే కొట్టు ఆయనది. గోడ నిండా గడియారాలే, తిరిగేది మాత్రం ఒక్కటి. తక్కినవి ఎందుకు ఆపేశారని ఎవరైనా అడిగితే, "టైము చెప్పడానికి ఒకటి చాలదా? అన్నీ కలిసి అదే మాట చెప్పడం దుబారా కాదూ?" అనేవారు.

మసీదులో నమాజుకు ముందు వుజూ చేసుకునేచోట ఆయన పక్కన కూర్చోవాలంటే జనం జంకేవారు. తాను చెంబుడు నీళ్లతో కాళ్లూ చేతులూ మొహమూ కడుక్కోవడం ముగించి, పక్కవాడి కుళాయి కూడా కట్టేసేవారు. ఇమాంగారు సైతం తప్పించుకోలేదు. ఒక శుక్రవారం ప్రసంగం కాస్త సాగింది. బయటికి వచ్చాక మామయ్య ఆయన చెయ్యి పట్టుకుని, "మంచి మాటలే చెప్పారు. సగంలో ఆపినా అర్థమయ్యేవి" అన్నారు.

ఇలాంటి ఇంటికి కోడలిగా వచ్చిన పిల్ల నలుగురికీ పెట్టే చెయ్యి ఉన్న ఇంట్లో పెరిగింది. కొత్తలో ఒకసారి ఉండబట్టలేక అడిగేసింది.

"మామయ్యా, మరీ ఇంత పిసినారితనం అయితే ఎలా? దేవుడిచ్చింది ఖర్చుపెట్టుకోవడానికే కదా."

"పిసినారితనమూ తప్పేనమ్మా, దుబారా కూడా తప్పే. రెంటికీ మధ్యలో నడవమన్నాడు. సన్నటి దారి, చూసుకుని నడుస్తున్నా" అంటూ ఆయన ఆమె కూర్చున్న గదిలో లైటు తీసేశారు.

ఇవన్నీ ఆమె నవ్వుకుని సరిపెట్టుకునేది. భరించలేనిది ఒక్కటే. రోజూ బియ్యం డబ్బా తెరిచి గ్లాసుతో కొలిచి ఇచ్చేది ఆయన. వండేది ఆమె. రోజూ అన్నం మిగిలేది. మిగలగానే ఆయన నెత్తిన చెయ్యి పెట్టుకునేవారు. "మళ్లీ మిగిల్చావా తల్లీ? పారేస్తే పైన నేనేం జవాబు చెప్పుకోను?" అంటూ అన్నమూ, దాని పక్కన కూరా ఒక గిన్నెలో సర్దుకుని బయటికి పోయేవారు. మసీదు మెట్ల దగ్గర ఎవరికో పెడతారని ఆమె అనుకునేది. పెడితే పెట్టారు, దారిలో ఎదురైన ప్రతివాళ్లకీ "మా కోడలికి కొలత తెలీదు" అని చెప్పడం ఎందుకు? ఆ మాట పుట్టింటిదాకా పోయింది. నీకు ఈ మాత్రం కూడా నేర్పలేకపోయానా అని కన్నతల్లి బాధపడింది.

"కొలిచేది ఆయన, పేరు నాకు. మీరైనా చెప్పండి" అని మొగుడి దగ్గర మొత్తుకుంది.

"నాన్నకు చూపు ఆనడం లేదేమో, పోనిద్దూ."

"గడియారంలో వెంట్రుకంత తీగ ఆనుతుంది, గ్లాసు ఆనదా?"

ఒకరోజు పంతం పట్టింది. ఆయన కొలిచిన దాంట్లోంచి కొంత బియ్యం చప్పుడు కాకుండా తిరిగి డబ్బాలో పోసేసింది. ఆ పూట అన్నం సరిగ్గా సరిపోయింది. మామయ్య ఖాళీ గిన్నెలోకి తొంగిచూశారు. తర్వాత తన కంచం మీద మూత పెట్టి, "నాకు ఆకలిగా లేదమ్మా. ఇది దుబారా అయిపోతుంది" అంటూ దాన్ని పట్టుకుని వెళ్లిపోయారు. మిగలకపోయినా తప్పు తనదేనా అని ఆమెకు ఒళ్లు మండిపోయింది.

ఆ చలికాలమే జ్వరంతో ఆయన కన్నుమూశారు. "మట్టిలోకి పోయే గుడ్డకు ఖరీదెందుకు? నా మీద దుబారా చేయకండి" అన్నది ఆయన ఆఖరి మాట. విన్నవాళ్లు నవ్వబోయి ఏడ్చారు. కోడలు కూడా ఏడ్చింది. తనను అమ్మా అని పిలిచిన మనిషి కదా.

మూడు రోజులు ఇరుగుపొరుగువాళ్లే వండి తెచ్చారు. నాలుగో రోజు పొయ్యి వెలిగించి, మొదటిసారి తన చేత్తో తనే బియ్యం కొలిచింది. ఒక్క మెతుకు మిగల్లేదు. గెలిచినట్టు అనిపించింది, కానీ ఆ గెలుపు చూపించడానికి ఎదురుగా ఆయన లేరు.

సాయంత్రం మేడమీది వాటాలో ఉండే కుట్టుపనావిడ దిగివచ్చింది. భర్త పోయి ఏడాది, ఇద్దరు పిల్లలు. అప్పట్లో మసీదు పెద్దలు సాయంగా పంపిన బియ్యం బస్తాను, నాకు చేతులున్నాయని తిప్పి పంపేసిన మనిషి. ఈమధ్య ఆమె మిషను చప్పుడు పెద్దగా వినపడటం లేదు.

"మీ గిన్నె నా దగ్గర ఉండిపోయింది, తీసుకో చెల్లీ" అంది.

కోడలు గిన్నె వంక చూసింది. "ఇది మీ దగ్గరికి..."

"రోజూ వచ్చేదిగా. పాపం, మీ మామగారు నా గుమ్మంలో నిలబడి బతిమాలేవారు. మా కోడలికి కొలత రాదమ్మా, పారేస్తే నాకు పాపం, నువ్వు తిని నన్ను గట్టెక్కించు అని. పెద్దాయన అంతగా అడిగితే కాదనలేకపోయాను. ఇక ఆయన లేరు. నువ్వే జాగ్రత్తగా కొలుచుకో తల్లీ."

కోడలికి ఒక్కసారిగా అంతా తెలిసింది. ఆ పూట మూతపెట్టి పట్టుకుపోయిన కంచం ఎక్కడికి చేరిందో కూడా అర్థమైంది. కొలిచింది నేను కాదక్కా, ఆయనే అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆ ఒక్క మాటతో తన పేరు బాగుపడేది. ఇక ఆ గిన్నె మాత్రం మళ్లీ మేడెక్కేది కాదు. ఆమె ఆ మాట మింగేసింది.

మర్నాడు తనే గిన్నెతో మెట్లెక్కింది. కళ్లు ఎర్రగా వాచి ఉన్నాయి. "మళ్లీ మిగిలిపోయిందక్కా" అంది.

"ఇంత వయసొచ్చింది, ఇంకా ఇదేం పని?" కుట్టుపనావిడ విసుక్కుంటూనే అన్నం పిల్లల కంచాల్లో వడ్డించి, ఆమెను పక్కన కూర్చోబెట్టుకుంది. మనిషికి ఎంత పొయ్యాలో, నీళ్లు ఎంత పెట్టాలో, గ్లాసు తెచ్చి మరీ చూపించింది. కోడలు కొత్త పెళ్లికూతురిలా తలొంచుకుని వింది. పిల్లలు తినడం అయ్యేదాకా వింది.

"అర్థమైందా?"

"లేదక్కా. రేపు ఇంకోసారి చెప్పు."