బెంచి మీద కూర్చోబెట్టిన వకీలు

మా మండలంలో పొలాల హద్దులు కొలిచేది నేనే. బడిలో నేర్చిన విద్య కాదు. సర్వేయర్ల వెంట కొలత గొలుసు పట్టి తిరుగుతూ, లెక్క తప్పితే తిట్లు తింటూ నేర్చుకున్నాను. నా కొలతకు ఇరువైపులవాళ్లూ ఒప్పుకునేవారు. నాకున్న ఆస్తి ఆ నమ్మకమే.

తెలంగాణ వచ్చిన కొత్తలో మా ఊరి పటేలు తన హద్దురాయిని పక్కవాడి చెలకలోకి జరిపించాడు. నేను కొలిచి, ఆ మాట అందరి ముందూ చెప్పాను. మర్నాడే ఠాణా నుంచి పిలుపు. రాయి జరిపింది నేనేనని పటేలు ఫిర్యాదు ఇచ్చాడట. హద్దుల కేసుల్లో పరిచయమైన వకీలుకు ఫోన్ చేసి వెళ్లాను.

"మా వకీలు వస్తున్నడు సార్. ఆయనతోని మాట్లాడినంకనే చెప్త," అన్నాను ఎస్సైతో.

"రాయి పెకిలించిన మొగోనివి, నోరు ఇప్పనీకి వకీలు గావాల్నా?" అని నవ్వాడు. పక్క కుర్చీలో పటేలూ నవ్వాడు.

వకీలు నల్లగొండ నుంచి వచ్చాడు. విచారణప్పుడు వకీలును కలిసే హక్కు చట్టంలోనే ఉందని వరండాలో ఆయన గట్టిగా అంటుంటే లోపల నాకు వినబడుతూనే ఉంది. ఆయన్ని అక్కడే బెంచి మీద కూర్చోబెట్టారు. ఇక్కడ నా మీద లాఠీ ఆడింది. చివరికి, పటేలు పిలిపించిన పెద్దమనుషుల ముందు రాయి నేనే జరిపానన్నాను. అప్పుడు వకీలును లోపలికి పంపారు.

ఆ మాట కోర్టులో నిలవదన్నాడాయన. నిలవలేదు. ఊళ్లో నిలిచింది. తర్వాత నన్నెవరూ కొలతకు పిలవలేదు. మట్టిపనికి పోయాను.

మొన్నటి ఎండాకాలం పటేలు మా ఇంటికి వచ్చాడు. ఇసుక ట్రాక్టరు గొడవలో అతని కొడుకును అదే ఠాణాకు తీసుకుపోయారు. ఆ ఠాణావాళ్లను నిలదీసే వకీలు మా వైపు నా వకీలొక్కడే. ఆయన పటేలు ఫోన్ ఎత్తడు, నేను చేస్తేనే ఎత్తుతాడు.

"తమ్మీ, జర నీ వకీలుకు చెప్పు. పోరన్ని లోపల ఏం జేస్తున్నరో!" ఎన్నడూ 'ఏరా' తప్ప అనని నోరు.

"చెప్త పటేలా. ముందుగాల చాయ్ హోటల్ కాడికి పా. రాయి ఎవలు జరిపిన్రో నలుగుర్ల చెప్పు."

"గిదా టైము? ఆడ వాన్ని కొడుతుంటరు!"

"కొడుతుంటరు. నన్ను గూడ కొట్టిండ్రు."

హోటల్ ముందు నిలబడి చెప్పాడు. వెనకవాళ్లకు వినబడలేదని మళ్లీ చెప్పించాను. అప్పుడు ఫోన్ తీశాను.

"పొద్దుగాల పట్టుకపోతే గిప్పుడా చెప్పేది? గింతసేపు ఏం జేసినవయ్యా?" అన్నాడు వకీలు.

"బెంచి మీద కూసున్న సార్," అన్నాను.

పటేలు కొడుకు కుంటుతూ ఇంటికొచ్చాడు. వారం తిరక్కుండా పక్క చెలకవాడు నన్ను కొలతకు పిలిచాడు. మొదట ఆ రాయి దగ్గరే గొలుసు పరిచాను.