పెద్దల్లుడి ఫోర్ స్ట్రోక్ బండి

మొన్న పాతబస్తీలో శాలిబండ సిగ్నల్ దగ్గర నా స్కూటర్ పక్కన ఒక కుర్రవాడు పాత టూ స్ట్రోక్ మోటార్ సైకిల్ తెచ్చి ఆపాడు. ట్యాంకుకు కొత్తగా ఎర్ర రంగు వేయించి, సైలెన్సర్‌ను తళతళలాడేలా తోమించి, ఆగిన చోటే రయ్యిరయ్యిమని యాక్సిలరేటర్ తిప్పుతుంటే ఆ నీలం పొగ, కాలిన ఆయిల్ వాసన వచ్చి నా ముక్కులో దూరాయి. ఆటోవాళ్ళు, గాజుల సంచులతో వెళుతున్న ఆడవాళ్ళు సైతం తలలు తిప్పి ఆ బండినే చూశారు. మీరు నవ్వుకున్నా సరే చెబుతాను, డెబ్బైకి దగ్గరపడిన నాకు కడుపులో భగ్గుమంది. ఆ కుర్రవాడు పాపం ఏం చేశాడు, నా మంటంతా సరిగ్గా అలాంటి బండి మీద ముప్పై ఏళ్ళ కిందట మా అత్తగారింటికి వచ్చే మా తోడల్లుడి మీద.

తోడల్లుడంటే మా ఆవిడ చెల్లెలి భర్త. నేను పెద్దల్లుణ్ణి, అతను చిన్నల్లుడు. నాకు ప్రభుత్వాఫీసులో గుమాస్తా ఉద్యోగం, హుస్సేనీ ఆలంలో కాపురం. అతను మందుల కంపెనీ తరఫున ఊళ్ళు తిరిగేవాడు. ఇద్దరం ఇంచుమించు ఒకే కాలంలో బళ్ళు కొన్నాం. రెండూ నూరు సీసీలే గాని నాది ఫోర్ స్ట్రోక్, అతనిది టూ స్ట్రోక్. మన తరం వాళ్ళకు ఈ రెంటి తగాదా కొత్త కాదు. పిస్టన్ రెండుసార్లు కిందికీ పైకీ పోయివస్తే గాని నా ఇంజన్ ఒక్కసారి మండదు, అతనిది పోయివచ్చిన ప్రతిసారీ మండుతుంది. అందుకని నా బండి లీటరుకు డెబ్బై కిలోమీటర్లు ఇచ్చి, ఎనభై వేగం దాటేసరికి ఆయాసపడేది. అతనిది నలభై ఇవ్వడానికి ఏడ్చేది, పైగా పెట్రోలుతో పాటు ఆయిల్ కూడా తాగేది, కాని నూరు అందుకున్నాక కూడా ఇంకా పోదామన్నట్టే ఉండేది. పెట్రోలు బంకు దగ్గర గెలుపు ఎప్పుడూ నాదే. అయితే బంకు దగ్గర చూసేవాళ్ళెవరు?

చూసేవాళ్ళంతా ఉప్పుగూడలో, మా అత్తగారింట్లో ఉండేవారు. బోనాలకు అల్లుళ్ళను పిలిచి కడుపునిండా పెట్టడం పాతబస్తీలో ఆనవాయితీ. కొత్త అల్లుడు ఆషాఢంలో అత్తగారి గడప తొక్కకూడదు గనుక ఆ మొదటి ఏడు పోనిచ్చి, తర్వాత ఏటా బోనాల ఆదివారం ఆలుమగలం బయలుదేరేవాళ్ళం. మా తోడల్లుడి బండి రైలు స్టేషన్ దగ్గర ఉండగానే దాని మోత ఇంట్లోకి వినబడేది. అత్తగారు వెంటనే పొయ్యి మీద నూనె మూకుడు పెట్టి, చేతులు కడుక్కుని, కొంగు సర్దుకుని గుమ్మంలోకి వచ్చేవారు. అతను కాళ్ళు కడుక్కుని కూర్చునేసరికి గారెలు పొగలు కక్కుతూ పళ్ళెంలోకి వచ్చేవి. నా బండి పిల్లిలా వచ్చి ఆగేది. నేను చెప్పులు విడిచి, కుర్చీలో కూర్చుని, గోడ మీది క్యాలెండరు ఒకటికి రెండుసార్లు చదువుకున్నాక ఆమె వంటింట్లోంచి తొంగిచూసి, "అయ్యో, మీరెప్పుడొచ్చిండ్రు?" అనేవారు. ఏటా అదే మాట. ఆమెకు పక్షపాతమేమీ లేదని, చెవిన పడితేనే కదా తెలిసేదని మా ఆవిడ వాదించేది. అది నాకు సమాధానంగా తోచేది కాదు. నేను వస్తున్నానని ఆ ఇంట్లో ముందుగా తెలియాలని, ఒక్క ఏడాదైనా నాకోసం ఆమె గుమ్మంలోకి రావాలని పిచ్చి కోరికగా ఉండేది.

సైలెన్సర్ కోయించి మోత పెంచడం నాలాంటి గుమాస్తాకు పరువు తక్కువ. కనీసం వేగంలోనైనా అతణ్ణి అందుకుందామని మొఘల్‌పురాలో మా మెకానిక్ భాయ్ దగ్గరకు వెళ్ళాను. చైనును తిప్పే ముందువైపు పళ్ళచక్రం, అదే స్ప్రాకెట్, కాస్త పెద్దది వేస్తే ఇంజన్ ఎప్పటిలాగే తిరిగినా వెనక చక్రం ఎక్కువ తిరుగుతుందని, వేగంతో పాటు మైలేజీ కూడా పెరుగుతుందని ఆఫీసు కాగితం మీద లెక్క వేసుకుని మరీ పోయాను. భాయ్‌కి నాకన్నా హుషారు. "టాప్‌ల మస్తు పోతది సార్, ఉడ్తా హై సమఝో, ఎగిరిపోతదనుకో" అంటూ మాట పూర్తికాకముందే చైను విప్పేశాడు. జూపార్కు రోడ్డు మీద ఒక్కణ్ణే నడిపి చూశాను. అందుకోవడానికి కొంచెం బద్ధకించినా, అందుకున్నాక బాగానే పోయింది. ఇక చూసుకో తోడల్లుడా అనుకున్నాను.

ఆ ఏడు బోనాల నాడు భోజనాలయ్యాక, చాంద్రాయణగుట్టలో ఉండే మామగారి అక్కగారికి బగారా అన్నం, మటన్ కూర పట్టుకెళ్ళవలసి వచ్చింది. అలాంటి పనికి మామగారు ఎప్పుడూ చిన్నల్లుడి వెనకే ఎక్కేవారు. ఈసారి నేను ముందుగానే బండి స్టార్ట్ చేసుకుని గేటు దగ్గర నిలబడ్డాను. ఆయన మొహమాటపడి నా వెనక ఎక్కారు, తోడల్లుడూ మా మరదలూ తమ బండి మీద వచ్చారు. మామగారు భారీ మనిషి. ఫలక్‌నుమా ఎత్తు మొదలయ్యేసరికి టాప్ గేరు లాగలేదు; కొత్త చక్రం వేగమిచ్చి ఎత్తు ఎక్కే బలం లాక్కుంది. మూడు వేశాను, రెండు వేశాను, చివరికి ఒకటో గేరులో కూడా ఇంజన్ దగ్గి దగ్గి ఆగిపోయింది. ఆయన నిదానంగా దిగి, పంచె ఎగ్గట్టి, అన్నం క్యారియర్ చేత పట్టుకుని, "ఏం ఫికర్ చెయ్యకుండ్రి, తిన్నది అరుగుతది" అంటూ ఎత్తు ఎక్కసాగారు. తిట్టినా బాగుండేది. అప్పటికే మమ్మల్ని దాటిపోయిన తోడల్లుడు మరదల్ని పైన దింపి, వెనక్కి వచ్చి, మామగారిని ఎక్కించుకుని ఒక్క గుంజుకు ఎత్తు ఎక్కించేశాడు. నన్ను చూసి నవ్వలేదు కూడా. నవ్వి ఉంటే అతణ్ణి ద్వేషించడం నాకు సులువయ్యేది.

మర్నాడే పాత చక్రం వేయించాను. సందుల్లో మూడో గేరు దాటకుండా ఈడ్చినందుకు మైలేజీ కూడా పెరగకపోగా బాగా పడిపోయిందని అప్పుడు తెలిసింది. అతనికున్నది నాకు రాలేదు, నాకున్నదీ పోయింది. రెంటికీ చెడ్డ రేవడినయ్యాను.

ఆ తర్వాత కాలం నా వైపు తిరిగింది. పొగ నిబంధనలు వచ్చి టూ స్ట్రోకులు షోరూముల్లోంచి మాయమయ్యాయి. స్పేరుపార్టులు దొరక్క మా తోడల్లుడు తన బండి అమ్మేసి, నన్నే సలహా అడిగి, అచ్చంగా నా బండిలాంటిదే కొన్నాడు. ఆ వారమంతా ఈల వేసుకుంటూ ఆఫీసుకు వెళ్ళాను. ఇక ఇద్దరికీ ఒకటే బండి, ఒకటే మర్యాద అనుకున్నాను.

ఆ ఏటి బోనాలకు మేమే ముందు చేరాం. సందు మలుపు తిరిగేసరికి అత్తగారు గేటు బయట నిలబడి ఉన్నారు. ఇన్నేళ్ళలో మొదటిసారి. నేను పొంగిపోయి, బండికి స్టాండు సరిగా వేయకుండానే దిగిపోయాను. ఆమె నవ్వుతూ పలకరించి, ఆ వెంటనే నా భుజం మీదుగా వీధి చివరికి చూశారు. "మీరు లోపటికి పోయి కూసోండ్రి. చిన్నల్లుని కొత్త బండి సుత మీ బండి లెక్కనే సప్పుడు చెయ్యదంట. ఎప్పుడొస్తడో ఎర్కగాదు, నేనీడనే ఉంట" అన్నారు. నేను లోపలికి వెళ్ళి కూర్చున్నాను. ఆమె ఆ ఎండలో చాలాసేపు అలాగే నిలబడి ఉన్నారు.

అత్తమామలిద్దరూ పోయారు. ఆ ఇంటి స్థలంలో ఎవరివో మూడంతస్తులు లేచాయి. ఇప్పటి బ్యాటరీ బళ్ళకు గేర్లే లేవు, మైలేజీ ఎంతని అడిగితే ఎన్ని గంటలు చార్జింగు పెట్టాలో చెబుతున్నారు. ఎవరు ఎక్కడిదాకా వచ్చారో ఫోనులో చుక్క కదిలి చూపిస్తుంది గనుక గుమ్మంలో నిలబడే అవసరం ఎవరికీ లేదు. మా పిల్లలు కూడా నా చుక్కను చూసుకుని, నేను మెట్లెక్కేసరికి తలుపు తీసి ఉంచుతారు. మంచి పద్ధతే. మా తోడల్లుడు మోకాళ్ళ నొప్పులతో బండి మానేసి, ఎక్కడికైనా నా స్కూటర్ వెనకే కూర్చుని వస్తాడు. నేనంటే అతనికి ఎంతో ఆపేక్ష, నాకూ అతనంటే ఇష్టమే. కాని ముందే తీసిపెట్టిన తలుపుకూ, మనకోసం ఎండలో నిలబడ్డ మనిషికీ ఎంత తేడా ఉంటుందో అతనికి తెలుసు, నాకు తెలియదు. అది గుర్తొచ్చినప్పుడు మాత్రం, వెనక కూర్చుని అతను నా భుజం మీద చెయ్యి వేసినా ఒళ్ళు మండుతుంది.