తరులత వేసిచ్చే ప్రయాణాలు

మహాలయ అమావాస్య దగ్గర పడుతోందంటే బెంగాల్లోని చుంచుడాలో గంగ ఒడ్డు సందు జనానికి కాళ్ళు ఒకచోట నిలవవు. దుర్గాపూజ సెలవులకి ఎక్కడికో ఒకచోటికి వెళ్ళిరాకపోతే వాళ్ళకి తిన్నది ఒంటబట్టదు. కోతిటోపీలు ఎండలో పడతాయి, వేణ్ణీళ్ళ సంచులకి చిల్లులున్నాయేమోనని నీళ్ళు పోసి చూస్తారు, అటుకులూ మరమరాలూ డబ్బాల్లోకి ఎక్కుతాయి. వీటన్నిటికంటే ముందు, ఇంటికొకరు చొప్పున వచ్చి తరులత వాళ్ళ అరుగు మీద కూచుంటారు.

తరులతకి అరవై దగ్గర పడుతున్నాయి. పెళ్ళి కాలేదు. ఆడపిల్లల బడిలో కుట్టుపని నేర్పి, ఆ ఉద్యోగం అయిపోయాక అన్నయ్య పశుపతి ఇంట్లోనే ఉండిపోయింది. ఉండిపోయింది అనడం కూడా తప్పే. పుట్టింది ఆ ఇంట్లోనే.

"తరూ, మా అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. మా ఆయనకి కోటలంటే పిచ్చి. పిల్లలకి జలపాతం కావాలిట. ఏడు రోజుల్లో ఏదైనా చెప్పు తల్లీ," అనేవారు.

ఆవిడ కళ్ళు మూసుకుని వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టేది. తరువాత రెండు ఊళ్ళు చెప్పేది. రెండే. "మూడో ఊరు పెట్టుకున్నారా, సామాన్లు మోయడమే మిగులుతుంది," అనేది. ఒక్కొక్క ఊరికీ పక్కనే ఒక పల్లెటూరు, పొద్దున వెళ్ళి సాయంత్రానికి వచ్చేసేలా. నడుమ ఒక వదులు రోజు. ఆ రోజుకి ఏమీ పెట్టేది కాదు. ఎవరికైనా కడుపు చెడొచ్చు, వాన పడొచ్చు, ఏదో ఊరు మనసుకి పట్టి వదలకపోవచ్చు. "రోజులన్నీ కిక్కిరిసి కూరితే అది ప్రయాణమా, రేషను కొట్టు క్యూనా?" అని కసిరేది. ఏ ఊళ్ళో చేపల పులుసు మన చేతి వంటలా ఉంటుందో, ఏ సత్రంలో మోకాళ్ళ నొప్పుల వాళ్ళు కూచోడానికి వీలైన మరుగుదొడ్డి ఉందో, అన్నీ నోటి చివర ఉండేవి.

ఇందుకు ఆవిడ తీసుకునేది ఒకటే. తిరిగొచ్చాక వాళ్ళు మళ్ళీ ఆ అరుగు మీద కూచుని, చూసిందంతా పూస గుచ్చినట్టు చెప్పాలి. సంచులు విప్పకముందే రావాలి, లేకపోతే సగం మరిచిపోతారని ఆవిడ భయం. అలా ఒకరు చెప్పింది ఇంకొకరి ప్రయాణానికి పనికొచ్చేది.

అంత తెలిసిన తరులత చిన్నప్పుడు ఒక్కసారి పూరీ తప్ప ఏ ఊరూ చూడలేదు. కారణం ఇంట్లో చిన్న పీట మీద పాకుతూ ఉంటాడు. జానెడు ఇత్తడి గోపాలుడు. వాళ్ళమ్మ పోతూ పోతూ ఆ బొమ్మని తరులత ఒళ్ళో పెట్టి, "వీడు ఒక్క పూట కూడా పస్తుండకూడదే," అంది. పొద్దున వెన్నా పటికబెల్లం, మధ్యాహ్నం పాయసం, సాయంత్రం కొబ్బరి లౌజు. రాత్రి దోమతెర, చలికాలం స్వెట్టరు. స్వెట్టర్లు ఆవిడే అల్లేది, ఏడాదికొకటి. పిల్లలున్న వాళ్ళయినా పిల్లల్ని అమ్మమ్మ ఇంట్లో వదిలి వెళతారేమోగాని, గోపాలుడిని వదిలి వెళ్ళడానికి లేదు. అందుకని ఏటా పశుపతీ, ఆయన భార్య మంజుశ్రీ వెళ్ళేవారు. తరులత గుమ్మంలో నిలబడి "దుర్గా, దుర్గా" అని సాగనంపేది.

ఆవిడకి మనసులో పీకుతూ ఉండేది ఒకటుంది. కాశీ దగ్గర చునార్ అని ఒక పల్లెటూరి కోట. కాశీ వెళ్ళే ప్రతివాళ్ళనీ అక్కడికి పంపేది. ఆ కోట రాయికి గంగ వచ్చి కొట్టుకుని, పక్కకి తిరిగి, ఉత్తరానికి పోతుందట. ఎటు తిరుగుతుంది అని అడిగితే సందులోనే ఉండే దత్తగారు ఎడమకి అన్నాడు. హెడ్మాస్టరు భార్య ఒట్టు పెట్టుకుని మరీ కుడికి అంది. సొంత అన్నయ్యని అడిగితే "అప్పుడు మేం పూరీలు తింటున్నాం," అన్నాడు. తన ఇంటి వెనక పారే గంగే అది. పుట్టినప్పట్నించీ దాని నీళ్ళే తాగింది. అది ఎటు తిరిగి తన దగ్గరికొస్తోందో తెలియకుండానే పోతానేమోనని ఆవిడకి నిజంగా దిగులుగా ఉండేది. పైకి చెబితే నవ్వుతారని చెప్పేది కాదు.

ఈ ఏడు పక్కింటి శైలబాల, తరులత చిన్ననాటి స్నేహితురాలు, వాకిట్లో చేప తోముతూ తోముతూ అంది, "ఏవే, మా చెల్లెలు వాళ్ళ గోపాలుణ్ణి బుట్టలో పెట్టుకుని హరిద్వారం తీసుకెళ్ళిందట. రైల్లో పై బెర్తు ఆయనదేనట. నువ్వేంటే, ఆయన్ని పట్టుకుని కాపలా కుక్కలా పడుంటావు?"

తరులతకి ఒళ్ళు ఝల్లుమంది. ఇన్నేళ్ళూ తనకెందుకు తోచలేదు? ఊరందరికీ దారులు చెప్పిన మనిషికి తన గుమ్మం దాటే దారి కనబడలేదు. మరుసటి రోజే పురోహితుడు చక్రవర్తిగారిని పిలిచి, అన్నయ్యా వదినల ముందు కూచోబెట్టి అడిగింది.

"భేషుగ్గా వెళ్ళొచ్చు," అన్నాడాయన. "యశోద బృందావనానికి కాపురం మార్చినప్పుడు పిల్లాణ్ణి వదిలి వెళ్ళిందా? పైగా కాశీలో విశ్వనాథుడి దగ్గరికి గోపాలుడు వెళితే ఆ పుణ్యం ఇల్లంతటికీ."

"ఇంతవరకూ ఈ ముక్క ఎవరూ చెప్పలేదేం?" అంది మంజుశ్రీ, కళ్ళు పెద్దవి చేసి.

ఆ వారమంతా తరులత నేల మీద నడవలేదు. తన జీవితంలో వేసిన ప్రయాణాలన్నిటికంటే అందంగా వేసింది దాన్ని. కాశీ, లక్నో. కాశీ పక్కన సారనాథ్, లక్నో పక్కన మామిడి తోటల పల్లెలు. నడుమ వదులు రోజు. ఈసారి మాత్రం దాన్ని ఖాళీగా ఉంచలేదు. "విజయదశమి మర్నాడు, చునార్," అంది గట్టిగా. పశుపతి తలూపి మూడు టిక్కెట్లు తెచ్చాడు. గోపాలుడికి వెదురు బుట్ట కొని, లోపల మెత్తటి గుడ్డ కుట్టి, పక్కన చిన్న కిటికీ కూడా పెట్టింది, దారిలో ఆయన చూడాలని.

ఇంతలో మంజుశ్రీ అక్క రమల దిగింది. భర్త పోయిన మనిషి, కాశీ చూడని మనిషి. మోకాళ్ళు సరేసరి. అదే వారం దత్తగారింట్లో దొంగలు పడి సీలింగు ఫ్యాన్లు కూడా విప్పుకుపోయారు. ఈ రెండూ కలిసి ఏం చేస్తాయో తరులతకి తట్టలేదు. మంజుశ్రీకి తట్టింది.

భోజనాల దగ్గర మొదలుపెట్టింది. "తరూ, ఇల్లు ఖాళీగా వదిలితే ఏమన్నా మిగుల్తుందా చెప్పు? మనిషంటూ ఒకళ్ళుండాలి కదా. అక్క నీ టిక్కెట్టు మీద వస్తుంది. మీ అన్నయ్య మార్పిస్తారు."

"మరి గోపాలుడు?" అంది తరులత. ఆ ఒక్క మాటా తనని కాపాడుతుందనుకుంది.

"ఆయన్ని నేను తీసుకెళతాను. చక్రవర్తిగారు చెప్పారుగా. ఇన్నేళ్ళూ నువ్వే చేశావు, ఈసారి ఆ పుణ్యం కాస్త నాకూ రానీ. నీకు వంట కూడా ఉండదు, హాయిగా కాళ్ళు చాపుకుని పడుకో."

తరులత అన్నయ్య వైపు చూసింది. ఆయన చేపలో ముళ్ళు తీసుకుంటున్నాడు. "నిజమేనే అమ్మాయ్. వచ్చాక అన్నీ చెబుతాంగా," అన్నాడు తలెత్తకుండా.

ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడ్డట్టయింది ఆవిడ పని. గోపాలుడు వెళ్ళొచ్చని అందరినీ ఒప్పించింది. తరులత వెళ్ళొచ్చని ఒప్పించాలని ఆవిడకి తోచనే లేదు. తోచకపోవడమే నాకు ఒళ్ళు మండే సంగతి. ఆ ఇంట్లో ఆవిడ తనకోసమని నోరెత్తి అడిగిన రోజు లేదు, వాళ్ళు అడక్కుండా ఇచ్చిన రోజూ లేదు.

పంచమి నాడు వాళ్ళు బయల్దేరారు. బుట్ట మంజుశ్రీ చేతిలో ఉంది. "పాయసం ఇంకిపోయేదాకా కాచకు, పలచగా తాగుతాడు. రాత్రి ఎడమ పక్కకి పడుకోబెట్టు," అని తరులత చెబుతూనే ఉంది. "సరే, సరే," అంటూ మంజుశ్రీ రిక్షా ఎక్కింది. బుట్ట కిటికీ అవతలి పక్కకి తిరిగి ఉంది. రిక్షా సందు మలుపు తిరిగాక గానీ తరులత "దుర్గా, దుర్గా" అనలేదు.

పూజ రోజులు ఎలా గడిచాయో ఆవిడకే తెలియదు. పందిట్లో డప్పులు మోగుతుంటే ఇంట్లో కూచుంది. అలవాటు చొప్పున పాలు పొయ్యి మీద పెట్టేది, పాయసం చేసేది, గిన్నె పట్టుకుని పీట దగ్గరికి వెళ్ళేది. పీట ఖాళీ. దోమతెర మడిచి ఉంది. ఇన్నేళ్ళూ గోపాలుడి కోసం ఆగిపోయాననుకుంది. ఆయన వెళ్ళిపోయాడు, తను ఆగే ఉంది. మరి ఎవరికోసం ఆగినట్టు? గిన్నె కింద పెట్టి, అక్కడే కూచుని, పసిపిల్లలా ఏడ్చింది.

నవమి నాడు శైలబాల వచ్చి, వరసగా పేరుకున్న పాయసం గిన్నెలు చూసింది.

"బాగుందే వరస! దేవుడు షికారు వెళ్ళాడు, పూజారమ్మ తాళాలకి నైవేద్యం పెడుతోంది."

"ఏం చెయ్యమంటావే మరి?"

"నన్నడుగుతావేం? ఊరందరికీ దారి చెప్పేదానివి నువ్వు."

తరులత లేచి కొబ్బరికాయలు కొట్టింది. బెల్లం పాకం పట్టి లౌజు ఉండలు చేసి రేకు డబ్బాలో సర్దింది. తెల్లారి అమ్మవారిని నిమజ్జనానికి తీసుకెళ్ళకముందే ఇంటికి తాళం పెట్టి, తాళంచెవి శైలబాల చేతిలో పెట్టింది.

"దొంగలొస్తేనో?" అంది శైలబాల, ఇప్పుడు తనకే భయం వేసి.

"విజయదశమికి ఇంటికొచ్చిన వాళ్ళకి తీపి పెట్టి పంపాలి కదే. అలమరలో ఇంకో డబ్బా ఉంది," అంది తరులత. నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు.

జనరలు పెట్టెలో, మరుగుదొడ్డి తలుపు పక్కన, సంచి మీద కూచుని వెళ్ళింది. ఇందరికి ఇన్ని దారులు చెప్పిందే, గుంపులో తోసుకుని ఎక్కడం ఎలాగో ఎవరూ చెప్పలేదు ఆవిడకి. దారి పొడుగునా ఇంటి ధ్యాసే. తాళం సరిగ్గా పడిందా? గ్యాసు కట్టేశానా? అన్నయ్య ముఖం ఎలా చూడను? దిగిపోయి వెనక్కి పోదామని రెండు స్టేషన్లలో లేచి నిలబడింది. రెండుసార్లూ ఆవిడ లేచిన చోట ఇంకెవరో కూచోబోతే మళ్ళీ గబుక్కున కూచుంది.

పశుపతి సొంతంగా ఒక్క ఆలోచన చేసే మనిషి కాడని ఆవిడకి తెలుసు. చెల్లెలు చునార్ అందంటే చునారే. మర్నాడు మధ్యాహ్నం, కోట మెట్ల మీద రొప్పుతూ, రమలని చెరో రెక్కా పట్టుకుని, ఆయనా మంజుశ్రీ పైకొచ్చారు. పిట్టగోడ దగ్గర తెల్లచీర మనిషి నిలబడి ఉంది.

పశుపతి నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "ఇంట్లో ఎవరున్నారు?"

"ఎవరూ లేరు అన్నయ్యా."

"ఎవరూ లేరా! తాళం వేసి వచ్చేశావా? నీకేమైనా మతిపోయిందా?" అని అరిచింది మంజుశ్రీ. "ఇంత ఆత్రమేంటి? వచ్చాక అంతా చెప్పేవాళ్ళంగా!"

"చాలా ఏళ్ళు విన్నాను వదినా," అంది తరులత. "ఇంక నేను వినను."

"ముందు నన్ను ఎక్కడైనా కూలెయ్యండి, తరువాత పోట్లాడుకోండి," అని మూలిగింది రమల. ఆవిడని ఒక రాతి మీద కూచోబెట్టారు. ఆ సందట్లో తరులత వదిన చేతిలోంచి బుట్ట అందుకుంది. మూత తీస్తే గోపాలుడి నడుము చుట్టూ బిస్కట్ పొడి.

"ఏం పెట్టావు వదినా?"

మంజుశ్రీ ముఖం పక్కకి తిప్పుకుంది. "ప్రయాణంలో పాయసం ఎక్కణ్ణించి తెస్తానే? బిస్కట్లూ అరటిపళ్ళూ పెట్టాను. ఆయనేం అనలేదు."

తరులత చీర చెంగుతో ఆయన ఒళ్ళు తుడిచింది. డబ్బా విప్పి కొబ్బరి ఉండ ఒకటి ఆయన చేతి దగ్గర పెట్టింది. కళ్ళనీళ్ళు ఆ ఉండ మీద పడ్డాయి.

పశుపతి కాస్త మెత్తబడ్డాడు. "సరే, అయిందేదో అయింది. సాయంత్రం బండికి నిన్ను ఎక్కిస్తాను. ఇల్లు అలా వదిలేస్తే ఎలా? ఎవరో ఒకరు వెళ్ళాలి కదా?"

"వెళ్ళాలి," అంది తరులత. "మీ ముగ్గురిలో ఎవరు వెళతారో చూసుకోండి. నాకూ గోపాలుడికీ ఇంకా లక్నో ఉంది."

పశుపతి మెట్ల వైపు చూశాడు, భార్య వైపు చూశాడు, మళ్ళీ మెట్ల వైపు చూశాడు. జన్మలో మొదటిసారి ఆయన ఎవరో చెప్పని ఆలోచన ఒకటి చెయ్యాల్సి వచ్చింది.

తరులత గోపాలుణ్ణి బుట్టలోంచి తీసి చంకన వేసుకుని పిట్టగోడ దగ్గరికి వెళ్ళింది. ఇంటి తాళం ఇంకా మనసులో కొట్టుకుంటూనే ఉంది. కింద గంగ వచ్చి రాయికి తగిలి తిరుగుతోంది. కోట మీదినుంచి చూస్తే కుడికి. నీళ్ళతో పాటు పోయే పడవవాడికి ఎడమకి. దత్తగారూ అబద్ధం చెప్పలేదు, హెడ్మాస్టరు భార్యా అబద్ధం చెప్పలేదు. ఆవిడ గోపాలుడి ముఖం నీళ్ళ వైపు తిప్పి పట్టుకుంది.

"చూడు నాయనా," అంది. "ఇటునించే మనింటికి వస్తుంది."