పై గొట్టం, కింది గొట్టం

మా ఆయనకు రెండు కిడ్నీలూ పాడయ్యాక వారానికి రెండుసార్లు శ్రీకాకుళం పెద్దాసుపత్రికి తీసుకెళ్లి రక్తం కడిగించాల్సి వచ్చేది. తప్పితే ఏమవుతుందో నాకు తెలుసు. మా వీధిలోనే ఇదే జబ్బున్న ఒకాయన, ఇంట్లో పెళ్లి ఉందని ఒక్కసారి మానేశాడు. ఒంట్లో నీరు చేరి, ఊపిరి ఆడక పోయాడు. అందుకే ఆ రోజు వస్తోందంటే ముందు నుంచే నాకు అన్నం దిగేది కాదు. రైలు గేటు పడుతుందేమో, రోడ్డు మీద ధర్నా ఉంటుందేమో అని ఎన్నో అనుకునేదాన్ని. కారు సంగతి మాత్రం ఎప్పుడూ అనుకోలేదు.

కారు మా తమ్ముడిది. మా ఊరు నౌపడ పక్కన, ఉప్పుమడులకు దగ్గర. వాడు ఎవరిదో పాత కారు కొని పెళ్లిళ్లకూ ఆసుపత్రులకూ తిప్పేవాడు. మమ్మల్నీ వాడే తీసుకెళ్లేవాడు.

ఆ రోజు టెక్కలి దాటి పెద్ద రోడ్డెక్కాం. నడివేసవి. మా ఆయన వెనక సీట్లో నా పక్కన కూర్చున్నాడు. కాళ్లు ఉబ్బి చెప్పులు పట్టక ఉత్త కాళ్లతోనే వచ్చాడు. నా ఒళ్లో నీళ్ల సీసా ఉంది. రోజంతటికీ ఆయన తాగవలసింది అంతే. అడిగినప్పుడల్లా సీసా మూతలో పోసి ఇస్తున్నాను.

“ఒసే, మూతతో పోస్తావేటే? నానేటి పిచ్చుకనా?”

“పిచ్చుకవైతే ఈ బాధ నేకపోను. మూసుకుని తాగు మావా.”

నేను అక్షరాలు నేర్చుకున్నది మనవలు బడికి వెళ్లే వయసులో, రాత్రి బడిలో. దారి పక్క కిలోమీటరు రాళ్లు చదవడం నాకు అప్పటికి ఇంకా సరదా. చదువు రాని రోజుల్లో శ్రీకాకుళం ఎంత దూరమో తెలిసేది కాదు, వచ్చినప్పుడు వచ్చేది. ఆ పూట ప్రతి రాయీ ఇంకా ఎంత ఉందో చెప్పి మరీ భయపెట్టింది.

తమ్ముడు ఎప్పుడూ పాటలు పెట్టి, వాటి మీద తనూ పాడుతూ నడుపుతాడు. ఉన్నట్టుండి పాట ఆపేశాడు.

“ఏటిరా?”

“ఏటీ నేదు.”

“ఏటీ నేకపోతే పాటెందుకు ఆపినావు?”

“ముల్లు పైకెల్తంది అప్పా.”

స్టీరింగు వెనక అద్దంలో ఇంజను వేడి చూపే సన్నని ముల్లు ఎర్ర గీత వైపు జరుగుతోంది. వాడు కిటికీలు దించి ఏదో మీట తిప్పాడు. వేడి గాలి పొయ్యి లోంచి వచ్చినట్టు మా మొహాలకు కొట్టింది.

“ఒరే, నన్ను కారులోనే కాల్సేత్తావేటిరా? సావనీరా ముందు!” అన్నాడు మా ఆయన.

“ఇంజను ఏడి ఇటు లాగితే దానికి కాస్త సల్లబడతాది బావా. ఓర్సుకో.”

ఓర్చుకున్నాం. కోటబొమ్మాళి ఇంకా రాకముందే బానెట్ సందుల్లోంచి తెల్లని ఆవిరి లేచింది. వేపచెట్టు కింద ఆపేశాడు. పక్క నుంచి లారీ వెళ్లినప్పుడల్లా కారు ఊగుతోంది. ఆ ఊపుకే మా ఆయన ఆయాసపడుతున్నాడు.

“మూత తీసి నీలు పొయ్యరా, బేగి!” అని అరిచాను.

“ఇప్పుడు తీస్తే నా మొకం ఉడికిపోతాది. సల్లారనీ.”

“నీ మొకం సల్లారేదాకా ఈయన ఆగుతాడేటిరా?”

వాడు కారు కింద పడుకుని చూశాడు. ఎక్కడా నీళ్లు కారడం లేదు. ఫ్యాను తిరుగుతూనే ఉంది. తర్వాత చేతిని తిరగేసి, జ్వరం చూసినట్టు, రేడియేటరుకు ఉన్న రెండు రబ్బరు గొట్టాలనూ ముట్టుకుని చూశాడు.

“పై గొట్టం కాలిపోతన్నాది. కింద గొట్టం సల్లగున్నాది.”

“సల్లగుంటే మంచిదే కదా.”

“కాదప్పా. ఇంజన్లో కాగిన నీరు పై గొట్టంలోంచి దిగి, ఇందులో కాస్త సల్లారి, కింద గొట్టంలోంచి మల్లీ లోపలికెల్లాలి. నీరు తిరుగుతన్నాదంటే రెండూ ఏడిగానే ఉండాల. ఇది తిరగట్లేదు. లోపల ఎక్కడో మూసుకుపోనాది.”

చల్లారాక తువ్వాలు మడతపెట్టి రేడియేటరు మూత మీద వేసి మెల్లగా తిప్పాడు. బుస్సుమంది. మూత లోపల, అంచు చుట్టూ తెల్లని పెచ్చు కట్టి ఉంది. గోటితో గీరాను. ఆ పెచ్చు నేను ఎరుగుదును. నీళ్లు కాచే గిన్నె అడుగున దాన్ని ఇటుకపొడితో తోమీ తోమీ నా గోళ్లు అరిగాయి.

“దీనికి ఏ నీలు పోస్తన్నావురా?”

“ఏ నీలేటి? మన బోరు నీలే. రోజూ పోస్తన్నాను, లోటు సెయ్యలేదు. మెకానిక్ కూలెంటో ఏటో, పచ్చ నీలు పొయ్యమన్నాడు గాని, నీలకి రంగెందుకని మానీసినాను.”

ఆ బోరు నీళ్లు ఉప్పు కషాయం. మా ఇంట్లో వాటితో అన్నం వండడం మానేసి, టిన్ను నీళ్లు కొనుక్కుంటున్నాం. కారు గురించి ఎవరు ఆలోచించారు?

“ఒరే బామ్మర్దీ, నా రోగం దీనికీ అంటించినావురా,” అని మా ఆయన లోపల్నుంచి నవ్వబోయాడు. నవ్వు దగ్గులోకి దిగింది.

ఆయన జబ్బు నీళ్ల వల్లేనని కొందరు అంటారు, కాదని కొందరు. నాకు తెలియదు. ఆ పెచ్చు చూశాక మాత్రం ఈయన లోపలా ఇలాగే ఉందేమో అనిపించింది.

ఆవిరైన నీటికి బదులు డిక్కీలో ఉన్న డబ్బా నీళ్లు, అవీ బోరువే, ఇంజను ఆడుతుండగా కొంచెం కొంచెంగా పోశాడు. చాలలేదు. చుట్టుపక్కల ఇల్లు లేదు, చెరువు ఎండిపోయి ఉంది. మా ఆయన నా ఒళ్లోని సీసా తీసి కిటికీలోంచి చాచాడు.

“ఇవీ పొయ్యరా. నన్ను తాగొద్దన్న నీలే కదా.”

తమ్ముడు నా వైపు చూశాడు. ఒక మూత నీళ్లు పక్కకు తీసి ఆయనకిచ్చి, మిగతావి పోయమన్నాను. సన్నని ధార కారు గొంతులోకి దిగుతుంటే మా ఆయన కళ్లు దాని మీదే ఉన్నాయి. పెదాలు తడుపుకున్నాడు. నేను మొహం తిప్పేసుకున్నాను.

అక్కడి నుంచి మెల్లగా, వేడి గాలి మొహాన కొట్టించుకుంటూ, ముల్లు లేచినప్పుడల్లా ఆగుతూ వెళ్లాం. ఒక చెవి ఇంజనుకు, ఒక చెవి ఆయన ఊపిరికి పెట్టి కూర్చున్నాను. నరసన్నపేట దాటాక రెండూ ఒకేలా గురగురలాడాయి. ఏది ముందు ఆగుతుందో తెలియలేదు. దారి పక్క రాళ్లు చదవడం మానేసి కళ్లు మూసుకున్నాను.

చేరేసరికి ఆయన వంతు దాటిపోయింది. బల్ల మీద పడుకోబెట్టి, తర్వాత వంతులో రక్తం కడిగే మిషనుకు ఎక్కించారు. తమ్ముడు బయట కారు దగ్గరే ఉండిపోయాడు. మిషను తిరగడం మొదలైంది. ఒక గొట్టంలోంచి ఆయన రక్తం బయటికి వస్తోంది, ఇంకో గొట్టంలోంచి లోపలికి వెళుతోంది. ఆయన కళ్లు మూతలు పడ్డాయి. నిద్రో, ఇంకేదో నాకు అర్థం కాలేదు.

చేతిని తిరగేసి ఒక గొట్టాన్ని ముట్టుకున్నాను. తర్వాత రెండోదాన్ని.

“ఏటమ్మా, అవి ముట్టుకోకూడదు!” అని నర్సు కసిరింది.

కసిరితే కసిరింది. రెండూ వెచ్చగానే ఉన్నాయి.